తీరానికి వచ్చే సొరచేపలు: ఎవరు, ఎప్పుడు, ఎందుకు

క్లుప్తంగా

తీరజలాల్లో ఒక కాలంలో సొరలు గుంపులుగా కనిపించినంత మాత్రాన వాటి సంఖ్య పెరిగినట్టు కాదు. ఆడవి, మగవి, పిల్లలు, పెద్దవి ఏడాదిలో వేర్వేరు నెలల్లో వేర్వేరు చోట్ల ఉంటాయి. అందువల్ల ఏ తీరంలో తీసిన లెక్కయినా మొత్తం జనాభాలో ఒక భాగానిదే అవుతుంది. ఆ భాగం ఏదో తెలియకుండా పెట్టిన వేట పరిమితులు, గీసిన రక్షణ హద్దులు ఉద్దేశించిన ఫలితం ఇవ్వని సందర్భాలు ఇప్పటికే ఉన్నాయి. సముద్రం వేడెక్కుతున్న కొద్దీ ఈ రాకపోకల తేదీలూ దూరాలూ మారుతున్నాయి.

కనిపించడం వేరు, పెరగడం వేరు

ప్రపంచ సముద్రాల్లో సొరచేపలు తగ్గిపోతున్నాయని ఒకపక్క పరిశోధకులు చెబుతుంటారు. మరోపక్క ఏటా ఏదో ఒక స్నానాల తీరం దగ్గర వందల సొరలు బారులు తీరిన డ్రోన్ వీడియో బయటికి వస్తుంది. ఈ రెంటిలో ఏది నమ్మాలో పాఠకుడికి తోచకపోవడం సహజం. నిజానికి రెండూ ఒకేసారి నిజం కాగలవు. తగ్గిపోతున్న జనాభా కూడా ఏడాదిలో కొన్ని వారాలు ఒకే ఇరుకైన తీరపట్టీలో పోగుపడుతుంది.

అమెరికాలోని ఫ్లోరిడా ఆగ్నేయ తీరంలో జరిగేది ఇదే. 2011 ఫిబ్రవరిలో తీరం వెంబడి విమానం నుంచి తీసిన చిత్రాల్లో ఒక్క విడతలోనే 12 వేలకు పైగా బ్లాక్‌టిప్ సొరలు లెక్కకు వచ్చాయి. అదే తీరం మీదుగా వేసవిలో ఎగిరితే వాటి జాడ దాదాపు ఉండదు, ఎందుకంటే అప్పటికి అవి ఉత్తరాన జార్జియా, కరొలైనా రాష్ట్రాల తీరాలవైపు వెళ్లిపోయి ఉంటాయి. ఫిబ్రవరి లెక్క చూసి సొరలు పెరిగాయనడం ఎంత తప్పో, జులై లెక్క చూసి తగ్గాయనడమూ అంతే తప్పు.

అలాగని ప్రతి గుంపునూ రుతువుల మార్పుకే అంటగట్టనక్కర్లేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్ దగ్గర వేసవిలోనూ శరత్కాలంలోనూ కనిపించే తెల్ల సొరల వెనుక రెండు కారణాలు కలిసి పనిచేశాయి. 1972లో అమెరికాలో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక అక్కడి బూడిదరంగు సీల్ జంతువులు కోలుకుని, తెల్ల సొరలకు ఆహారం మళ్లీ ఒడ్డు దగ్గరే దొరకసాగింది. 1997 నుంచి దేశపు అట్లాంటిక్ జలాల్లో తెల్ల సొరలను పట్టి ఉంచుకోవడం నిషిద్ధమైంది. 2015 నుంచి 2018 వరకు నాలుగేళ్లలో ఆ తీరానికి వచ్చిపోయిన తెల్ల సొరలు సుమారు 800 అని తర్వాత ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ సంఖ్య నాలుగేళ్లలో వచ్చిపోయిన వాటిది. ఏ ఒక్కరోజూ అక్కడ ఉన్న వాటిది కాదు, ఉత్తర అట్లాంటిక్ మొత్తానిదీ కాదు. వార్తల శీర్షికల్లో ఎగిరిపోయేది సాధారణంగా ఈ తేడాయే.

నీటి వేడి, ఉప్పు, పగటి నిడివి

తెల్ల సొర వంటి కొన్ని జాతులను మినహాయిస్తే, సొరల శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతను అనుసరిస్తుంది. ఆకలి, జీర్ణం, ఈత వేగం, గర్భంలో పిల్ల ఎదిగే తీరు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. కాబట్టి నీళ్లు చల్లబడినప్పుడు భూమధ్యరేఖ వైపు, వేడెక్కినప్పుడు ధ్రువాల వైపు జరగడం తీరపు సొరల్లో చాలావాటికి మామూలు. ఫ్లోరిడా బ్లాక్‌టిప్ గుంపులు శీతకాలంలో నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినప్పుడు దట్టంగా చేరతాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి నీళ్లలో పెద్ద బుల్ సొరలు వేసవి, శరత్కాలాలు గడిపి, నీళ్లు చల్లబడగానే ఉత్తరాన క్వీన్స్‌లాండ్ తీరానికి తరలిపోతాయి.

కదలలేకపోతే ఏమవుతుందో 2010 జనవరిలో ఫ్లోరిడా దక్షిణాన ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల అళివిలో కనిపించింది. అసాధారణమైన చలిగాలులకు నీళ్లు కొద్ది రోజుల్లోనే చల్లబడగా, అక్కడ పెరుగుతున్న బుల్ సొర పిల్లల్లో ఎక్కువ భాగం చనిపోవడమో ఆ అళివిని విడిచిపోవడమో జరిగింది. పెద్ద సొరకు వందల కిలోమీటర్లు తప్పుకునే వీలుంటుంది. ఏడాది పిల్లకు, బయటి సముద్రంలో తనను తినే పెద్ద సొరలు ఉన్నప్పుడు, అంత వీలు ఉండదు.

ఉష్ణోగ్రత తర్వాతి స్థానం ఉప్పదనానిది. సముద్రపు నీటిలో వెయ్యి పాళ్లకు సుమారు 35 పాళ్ల ఉప్పు ఉంటుంది. ఫ్లోరిడాలోని కలూసహాచీ నదిలో బుల్ సొర పిల్లలు అంతకంటే బాగా తక్కువ ఉప్పున్న నీళ్లనే, అంటే సుమారు 7 నుంచి 20 పాళ్ల మధ్య ఉన్నవాటిని ఎంచుకుంటాయని గమనించారు. వానాకాలంలో నదికి వరద వచ్చి నీళ్లలో ఉప్పు మరీ తగ్గిపోతే అవి సముద్రం వైపు దిగివస్తాయి. అంటే నది మీద ఆనకట్ట తలుపులు ఎప్పుడు ఎత్తుతారు, ఎప్పుడు దించుతారు అన్నది కూడా సొరపిల్లల నివాసాన్ని నిర్ణయించే విషయమే. ఆనకట్టల నిర్వహణలో ఇది చర్చకు రావడం అరుదు.

వలసకు బయలుదేరే సమయాన్ని ఉష్ణోగ్రత ఒక్కటే నిర్ణయించదు. అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతంలో శాండ్‌బార్ సొర పిల్లలు శరత్కాలంలో బయటికి పోవడానికి పగటి నిడివి తగ్గడం కూడా సంకేతంగా పనిచేస్తుందని పరిశోధకులు సూచించారు. ఉష్ణోగ్రత ఏటేటా మారినా పగటి నిడివి మారదు కాబట్టి, ఈ రెంటిలో ఏ జాతి దేన్ని ఎక్కువగా పట్టించుకుంటుందన్నది వేడెక్కుతున్న సముద్రంలో ముఖ్యమైన ప్రశ్న. ఇక వాతావరణ పీడనం సంగతి 2001 సెప్టెంబరులో బయటపడింది. గాబ్రియెల్ తుపాను సమీపిస్తుండగా ఫ్లోరిడాలోని టెరా సియా అఖాతంలో ట్యాగులు వేసిన 13 బ్లాక్‌టిప్ పిల్లలూ పీడనం పడిపోతున్న కొద్దీ లోతు నీళ్లకు వెళ్లి, తుపాను దాటాక తిరిగి వచ్చాయి.

ఈ సమాచారం ఎక్కువగా ధ్వని ట్యాగుల ద్వారా వచ్చినదే. సొర పొట్టలో అమర్చిన చిన్న పరికరం తన గుర్తింపు సంకేతాన్ని ఏళ్ల తరబడి పంపుతుంటుంది. నీటి అడుగున లంగరు వేసిన రిసీవర్ తన చుట్టూ కొన్ని వందల మీటర్ల లోపు వచ్చిన సంకేతాన్ని తేదీ, సమయంతో సహా నమోదు చేస్తుంది. ఈ పద్ధతికి ఒక సహజమైన లోపం ఉంది. రిసీవర్లు ఉన్నచోటే సొరలు ఉన్నట్టు పటంలో కనిపిస్తుంది. ఒక సంకేతం ఆగిపోతే ఆ సొర చనిపోయిందా, పట్టుబడిందా, రిసీవర్లు లేని బయటి సముద్రానికి పోయిందా అన్నది ఆ పరికరం చెప్పలేదు.

పిల్లల నీళ్లు

తీరానికి సొరలు రావడంలో పెద్ద భాగం పిల్లలను కనడానికే. అయితే పిల్ల సొరలు కనిపించిన ప్రతి చోటునూ నర్సరీ, అంటే పిల్లలు పెరిగే చోటు, అనడం వల్ల ఆ మాటకు విలువ లేకుండా పోయిందని గుర్తించిన పరిశోధకులు 2007లో మూడు షరతులు ప్రతిపాదించారు. పిల్లలు ఇతర చోట్ల కంటే అక్కడ ఎక్కువగా దొరకాలి. అవి అక్కడ చాలాకాలం ఉండిపోవాలి, లేదా మళ్లీ మళ్లీ రావాలి. ఏళ్ల తరబడి ఇదే జరగాలి. చూడడానికి తేలికగా ఉన్నా, మూడో షరతు రుజువు చేయాలంటే కొన్నేళ్ల సర్వే కావాలి. ఒక్క వేసవి సర్వేతో ప్రకటించిన నర్సరీలను ఈ కొలతతో మళ్లీ పరిశీలించవలసే ఉంటుంది.

నర్సరీ అంటే తిండి పుష్కలంగా దొరికే చోటు అన్న ఊహ సర్వత్రా నిలవదు. హవాయిలోని కనేఓహె అఖాతంలో సుత్తితల సొర పిల్లలు ఏటా వేసవిలో పెద్ద సంఖ్యలో పుడతాయి. పుట్టిన తర్వాత మొదటి వారాల్లో వాటిలో చాలా వరకు బరువు కోల్పోతాయి. కాలేయంలో తల్లి ఇచ్చిన కొవ్వు కరిగిపోయే లోపు వేట నేర్చుకోలేనివి ఆకలితో చనిపోతాయి. అయినా తల్లులు అక్కడికే రావడానికి కారణం, ఆ మసకనీళ్లలో పిల్లలను తినే పెద్ద సొరలు తక్కువ కావడమేనని ఒక వివరణ. తిండి తక్కువైనా శత్రువు తక్కువైతే చాలునన్న ఈ బేరం ప్రతి జాతికీ ఒకేలా కుదరదు.

బహామాస్‌లోని బిమిని దీవుల దగ్గర లెమన్ సొర పిల్లలు మొదటి రెండు మూడేళ్లు మడచెట్ల వేళ్ల మధ్య, మోకాలి లోతు నీళ్లలో గడుపుతాయి. అవి తిరిగే పరిధి చాలా చిన్నది. అందువల్ల మడ అంచు కొంత పోయినా ఆ ఏటి పిల్లలన్నిటి మీదా ప్రభావం పడుతుంది. ఉత్తర బిమినిలో భారీ నిర్మాణాల కోసం సముద్రపు అడుగు తవ్విన తర్వాత అక్కడి పిల్లల మనుగడ శాతం పడిపోయింది.

సమశీతోష్ణ తీరాల్లో నర్సరీ ఒక చోట ఉండదు, రెండు చోట్ల ఉంటుంది. శాండ్‌బార్ సొర పిల్లలు వేసవిలో డెలావేర్, చెసపీక్ అఖాతాల్లో పెరిగి, చలికాలానికి దక్షిణాన ఉత్తర కరొలైనా తీరానికి చేరతాయి. వసంతంలో తిరిగి అవే అఖాతాలకు వస్తాయి. వేసవి ఇంటిని కాపాడి చలికాలపు ఇంటిని వదిలేస్తే చేసిన పని సగమే అవుతుంది. దీన్ని దృష్టిలో ఉంచుకునే అమెరికా 2005 నుంచి ఉత్తర కరొలైనా తీరంలో ఒక ప్రాంతాన్ని ఏటా జనవరి 1 నుంచి జులై 31 వరకు అడుగు గాలపు తాళ్లతో సొరల వేటకు మూసివేసింది.

ఆడవి ఒకచోట, మగవి ఒకచోట

సొరల జనాభా కూర్పులో బయటివారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆడ, మగ సొరలు వేరుగా బతకడం. కాలిఫోర్నియాలో లా హోయా దగ్గర వేసవిలో నడుం లోతు నీళ్లలో చేరే లెపర్డ్ సొరలు దాదాపు అన్నీ ఆడవే, చాలావరకు గర్భంతో ఉన్నవే. ఎండకు వేడెక్కిన ఆ లోతు తక్కువ నీళ్లలో ఉండడం వల్ల గర్భంలో పిల్లలు త్వరగా ఎదుగుతాయన్నది ఆమోదం పొందిన వివరణ.

రెండో కారణం మగవాటిని తప్పించుకోవడం. సంభోగ సమయంలో మగ సొర ఆడదాన్ని పళ్లతో పట్టి ఉంచుతుంది. ఆ గాయాలు మానడానికి వారాలు పడుతుంది. ఐర్లండ్‌లోని లాఖ్ హైన్ అనే ఉప్పునీటి సరస్సులో చిన్న చుక్కల క్యాట్‌షార్క్ జాతి ఆడవి పగటివేళ లోతు తక్కువ నీళ్లలోని రాతి పగుళ్లలో దాక్కుంటే, మగవి లోతులో విశ్రమించడం నమోదైంది. మూడో కారణం ఎదుగుదల. కాలిఫోర్నియా సింధుశాఖలో సుత్తితల సొర ఆడపిల్లలు మగవాటికంటే ముందే తీరాన్ని వదిలి బయటి సముద్రపు వేట మొదలుపెడతాయి. తిండి మెరుగై త్వరగా పెరుగుతాయి. పెద్ద ఒళ్లున్న ఆడది ఎక్కువ పిల్లలను కంటుంది కాబట్టి ఆ ప్రమాదానికి తగిన ప్రతిఫలం ఉంటుంది.

ఒకే జాతిలో, ఒకే లింగంలో కూడా అన్నీ ఒకేలా కదలవు. హవాయి ద్వీపమాలలో వాయవ్యాన ఉండే పెద్ద ఆడ పులి సొరల్లో దాదాపు నాలుగో వంతు మాత్రమే వేసవి చివర, శరత్కాలంలో జనం నివసించే ప్రధాన దీవులకు వలస వస్తాయి. మిగిలినవి ఉన్నచోటే ఉంటాయి. వచ్చేవి పిల్లలను కనడానికి వస్తున్నాయని భావిస్తున్నారు. విలివిలి చెట్టు పూసినప్పుడు సొర కరుస్తుందన్న సామెత హవాయి ప్రజల్లో ఎప్పటినుంచో ఉంది. ఆ చెట్టు పూసే కాలం, ఈ వలస కాలం దాదాపు ఒకటే.

పుట్టినచోటికి తిరిగి రావడం, జన్యువులు చెప్పేది

బిమినిలో రెండు దశాబ్దాల పాటు దాదాపు ప్రతి లెమన్ సొర పిల్లనూ పట్టి, జన్యు నమూనా తీసి వదిలిన పరిశోధకులు 2014లో ఒక విషయం నిర్ధారించారు: అక్కడ పుట్టిన ఆడపిల్లల్లో కొన్ని సుమారు 15 ఏళ్ల తర్వాత అక్కడికే వచ్చి పిల్లలను కన్నాయి. మధ్యకాలంలో అవి ఎంత దూరం తిరిగాయన్నది వేరే సంగతి.

ఇలాంటి అలవాటు జన్యువుల్లో ఒక ప్రత్యేకమైన ముద్ర వేస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది, కేంద్రక డీఎన్‌ఏ తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియా నదుల్లో పుట్టిన బుల్ సొర పిల్లల్లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ నదికీ నదికీ తేడా చూపగా, కేంద్రక డీఎన్‌ఏలో అలాంటి తేడా కనిపించలేదు. ఆడవి తమ నదికి కట్టుబడి ఉంటే జన్యువుల కలయిక మగవాటి ద్వారా జరుగుతోందని దీని అర్థం. అయితే ఈ సూత్రాన్ని మరీ బిగించి పట్టుకోకూడదు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా తెల్ల సొరల మధ్య ఇలాంటి తేడాయే చూసి, మహాసముద్రం దాటేది మగవేనని 2001 ప్రాంతంలో భావించారు. తర్వాత దక్షిణాఫ్రికాలో ఉపగ్రహ ట్యాగు వేసిన ఒక ఆడ తెల్ల సొర పశ్చిమ ఆస్ట్రేలియా దాకా వెళ్లి, తొమ్మిది నెలల లోపే తిరిగి వచ్చింది. ఆడవి కూడా దాటుతాయి. కనడానికి మాత్రం తమ తీరానికి తిరిగి వస్తున్నాయేమో.

ఇక్కడ వేట నియమాలు పెట్టే నిర్వాహకులు తరచూ పొరపడే చోటు ఒకటి ఉంది. తరానికి కొన్ని సొరలు అటూ ఇటూ మారినా చాలు, రెండు తీరాల కేంద్రక డీఎన్‌ఏ ఒకేలా కనిపించడానికి. కానీ ఒక తీరంలో వేట వల్ల ఖాళీ అయిన నర్సరీని నింపడానికి ఆ కొన్ని ఏమాత్రం చాలవు. జన్యుపరంగా ఒకటే అన్నంత మాత్రాన పక్క తీరం నుంచి వచ్చి భర్తీ చేస్తాయనుకోవడానికి ఆధారం లేదు. ఇలాంటి విభజనలకు చట్టంలో స్థానం దొరికిన సందర్భం 2014లో వచ్చింది. అమెరికా తన అంతరించే జాతుల చట్టం కింద తొలిసారిగా ఒక సొర జాతిని చేర్చినప్పుడు సుత్తితల సొరను ప్రపంచవ్యాప్తంగా ఒకే మూసలో చూడకుండా, విడి జనాభాలుగా విభజించి వాటిలో నాలుగింటిని జాబితాలో పెట్టింది.

సంఖ్య తెలుసుకోవడానికీ జన్యువులే కొత్త దారి చూపాయి. పిల్లల నమూనాల్లో ఒకే తల్లికో తండ్రికో పుట్టినవి ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే, కనిపించని పెద్దవాటి సంఖ్యను అంచనా వేయవచ్చు: బంధువులు తరచుగా తగిలితే పెద్దవి తక్కువ, అరుదుగా తగిలితే ఎక్కువ. ఈ పద్ధతిలో 2018లో తూర్పు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జలాల్లో పెద్ద తెల్ల సొరలు సుమారు 750 అని తేలింది. నర్సరీలో పిల్లలను మాత్రమే పట్టి, ఎక్కడో తిరుగుతున్న తల్లిదండ్రులను లెక్కించగలగడం ఈ పద్ధతి ప్రత్యేకత.

వేట ఏ భాగాన్ని తాకుతుందన్నదే కీలకం

సొరలు ఆలస్యంగా ఎదుగుతాయి, తక్కువ పిల్లలను కంటాయి. శాండ్ టైగర్ జాతిలో రెండు గర్భాశయాల్లోనూ పెద్ద పిల్ల మిగతావాటిని తినేస్తుంది కాబట్టి ఒక కాన్పుకు రెండే పిల్లలు పుడతాయి. స్పైనీ డాగ్‌ఫిష్ గర్భం దాదాపు రెండేళ్లు మోస్తుంది. ఇలాంటి జీవుల విషయంలో ఎన్ని టన్నులు పట్టారన్న లెక్క కంటే, వాటిలో ఎన్ని పెద్ద ఆడవన్న లెక్కకే విలువ ఎక్కువ.

అమెరికా ఈశాన్య తీరంలో 1990లలో డాగ్‌ఫిష్ వేట సరిగ్గా ఈ పెద్ద ఆడవాటి మీదే సాగింది, ఎందుకంటే మార్కెట్‌కు పెద్ద చేప కావాలి, ఈ జాతిలో పెద్దవి ఆడవే. మొత్తం బరువు లెక్కలో కొంతకాలం ముప్పు అంతగా తెలియలేదు. 1997 నుంచి 2003 వరకు మాత్రం సర్వేల్లో పిల్లలు చాలా తక్కువగా దొరికాయి. 2000లో కఠినమైన పరిమితులు వచ్చాక, 2010 నాటికి ఆ జనాభా కోలుకున్నట్టు ప్రకటించారు.

ఆగ్నేయ ఆస్ట్రేలియాలో స్కూల్ షార్క్ అనే సొర జాతిది దీనికి తలకిందులైన అనుభవం. టాస్మానియాలోని నర్సరీలకు 1950ల నుంచే రక్షణ కల్పించారు. అప్పటికి అది ముందుచూపున్న నిర్ణయమే. కానీ ఎదిగినవాటిని బయటి సముద్రంలో పట్టడం ఆగలేదు. పిల్లల ఇల్లు పదిలంగా ఉన్నా తల్లులు రావడం తగ్గి, జనాభా కుప్పకూలింది. నర్సరీ రక్షణ మంచిదే కాని, ఆలస్యంగా ఎదిగే జాతిలో పునరుత్పత్తి వయసుకు చేరువైన ఆడవాటి మనుగడే ఎక్కువ బరువు తూగుతుందని జనాభా నమూనాలు చెప్పేదీ ఇదే.

తేదీలు మారుతున్న సముద్రం

వేడెక్కుతున్న నీళ్ల ప్రభావం ఇప్పుడు మూడు రూపాల్లో కనిపిస్తోంది. మొదటిది, కొత్త నర్సరీలు. ఉత్తర కరొలైనాలోని పామ్లికో సౌండ్ అనే తీరపు ఉప్పునీటి సరస్సులో ఒకప్పుడు అరుదైన బుల్ సొర పిల్లలు 2011 తర్వాత క్రమంగా దొరకసాగాయి. వేసవి ఆరంభపు నీటి వేడి, ఉప్పదనం పెరగడంతో దీన్ని ముడిపెట్టారు. రెండోది, రాకపోకల తేదీలు జరగడం. సిడ్నీ బుల్ సొరలు 15 ఏళ్ల కిందటితో పోలిస్తే సగటున రెండు వారాలు ఆలస్యంగా తీరం విడుస్తున్నాయి. అమెరికా తూర్పు తీరంలో పులి సొరలు నీళ్లు సగటు కంటే ఒక డిగ్రీ వేడెక్కిన ఏళ్లలో సుమారు 400 కిలోమీటర్లు ఎక్కువ ఉత్తరానికి, దాదాపు 14 రోజులు ముందుగా వెళుతున్నాయని 2022లో వెలువడిన అధ్యయనం తెలిపింది. మూడోది, సముద్రం కొంతకాలం విపరీతంగా వేడెక్కినప్పుడు పిల్లలు ఉన్నట్టుండి తరలిపోవడం. 2014–16 మధ్య ఈశాన్య పసిఫిక్‌లో నీళ్లు అసాధారణంగా వేడెక్కినప్పుడు, దక్షిణ కాలిఫోర్నియాలో పెరిగే తెల్ల సొర పిల్లలు ఉత్తరాన మాంటెరీ అఖాతం దాకా వచ్చాయి.

ఈ మార్పుల్లో కొన్ని తాత్కాలికం కావచ్చు. అయితే రక్షణ నియమాల్లో చాలావరకు పటం మీద గీతలు, క్యాలెండర్‌లో తేదీలు. పులి సొర రెండు వారాలు ముందుగా బయలుదేరి, వేట నిషేధమున్న ప్రాంతం దాటి పోతే, నిషేధం అమల్లో ఉన్నా దాని ప్రయోజనం ఆ సొరకు అందదు. తేదీకి బదులు నీటి ఉష్ణోగ్రతను ఆధారం చేసుకుని వేట ప్రాంతాల్లో మార్పులు సూచించే ఏర్పాటు హవాయికి ఉత్తరాన సముద్ర తాబేళ్ల కోసం 2006 చివరి నుంచే ఉంది. తీరపు సొరలకు అలాంటిది కావాలంటే ముందుగా పడవల్లో నమోదు పద్ధతి మారాలి: పట్టిన ప్రతి సొరకూ జాతి, బరువుతో పాటు లింగం, పొడవు, గర్భం ఉందా లేదా, ఆ రోజు నీటి ఉష్ణోగ్రత ఎంత అన్నవి కూడా రాయాలి.